పంచాయతీ రేడియో నుంచి బల్ల మీది స్పీకరు దాకా



ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. కరువు భత్యం బకాయిల చరిత్ర వ్రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. అది వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా, ఆపైన సూపరింటెండెంటుగా ఫైళ్ళు నడిపి 2008లో విశ్రాంతి పొందిన నేను, ఈసారి వేరే పద్దు తీశాను. అది బల్ల మీద పెట్టుకునే స్పీకర్ల పద్దు. ఈ వయసులో ఈ పిల్లల సరదా ఏమిటని నవ్వకండి. ఇందులోకి నేను దిగడానికి కారణం ఉన్నది. ముందు అది చెప్పి తరువాత చరిత్రలోకి వెళతాను.

మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది. కిందటేడు ఒక ఉదయం ఫోను చేసి, "చిన్నోడి కాలు విరిగింది నాన్నా" అన్నది. నాకు "పాలు విరిగినయి" అని వినిపించింది. "గంతేనా బిడ్డా, ఇంకో పాకెట్ తెప్పియ్యరాదు" అన్నాను. అవతల నుంచి చాలాసేపు మాట లేదు. మా ఆవిడ ఫోను లాక్కుని మాట్లాడిన తరువాత గానీ ఏడేళ్ళ మనవడు సైకిలు మీద నుంచి పడ్డాడని, కాలికి కట్టు వేశారని నాకు తెలియలేదు. అమ్మాయి నన్ను ఏమీ అనలేదు. కానీ ఆ తరువాత వారం రోజులు అన్ని సంగతులూ వాళ్ళ అమ్మతోనే చెప్పింది. నాకు "బాగున్నవా నాన్నా" అన్న ఒక్క ప్రశ్నే మిగిలింది. వినపడని మనిషికి ఇంట్లో జరిగేది అదే. ఎవరూ కోపగించుకోరు. చెప్పడం మానేస్తారు, అంతే.

వెనుక వరుసలో ముసలివాళ్ళు

నేను పుట్టింది 1950లో, జనగామ వైపు ఒక పల్లెలో. మా నాన్నగారు బడిపంతులు. ఊళ్ళో మొదటి రేడియో పట్వారీగారి ఇంట్లో ఉండేది. చెక్కపెట్టె, ముందు భాగాన గుడ్డ, లోపల గాజు వాల్వులు. కరెంటు లేదు కాబట్టి ఇటుకంత బ్యాటరీ. తరువాత కొన్నాళ్ళకు పంచాయతీ రేడియో వచ్చింది. పంచాయతీ అరుగు మీద పెట్టె, గోడకు బాకా. సాయంకాలం పొలం పనుల కార్యక్రమం, వార్తలు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివే జోలెపాళ్యం మంగమ్మగారి గొంతు మా ఊరికి చుట్టమంత దగ్గర. ఆ వార్తలే అంతకు ముందు సినిమా నటుడు కొంగర జగ్గయ్యగారు చదివారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

1964 మే 27న నెహ్రూగారు పోయినప్పుడు ఊరంతా ఆ అరుగు ముందు చేరింది. ఆ బాకా గొంతు సన్నం. ముందున్నవాళ్ళకు చెవులు గింగురుమనేవి, వెనుక వరుసలోని ముసలివాళ్ళకు శబ్దమే తప్ప మాట అందేది కాదు. మా నాన్నగారు మధ్యలో నిలబడి, ఒక్కొక్క వాక్యం విని, వెనక్కు తిరిగి వాళ్ళకు గట్టిగా చెప్పారు. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. అంత పెద్ద శబ్దం వస్తుంటే వీళ్ళకు మళ్ళీ ఎందుకు చెప్పాలని ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆ వెనుక వరుసలో నేనే కూర్చున్నాను గనుక సంగతి తెలిసింది. శబ్దం వేరు, మాట వేరు.

మన ఊరి ఆకాశవాణి

హైదరాబాదులో రేడియోకు నాంది పలికినవాడు కూడా మనలాంటి సర్కారీ ఉద్యోగే. తపాలా తంతి శాఖలో పనిచేసే మహబూబ్ అలీ అనే ఆయన 1930 దశకంలో ఆబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల ప్రసార యంత్రంతో మొదలుపెట్టారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన అధీనంలోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ఎక్కువ భాగం ఉర్దూ కార్యక్రమాలే. పోలీసు చర్య ముగిసిన 1948 సెప్టెంబరులో ఏడవ నిజాం తన ప్రజలతో మాట్లాడింది ఈ దక్కన్ రేడియో ద్వారానే. 1950 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం దాన్ని తీసుకోగా అది ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమైంది. మద్రాసు కేంద్రం 1938 నుంచీ, విజయవాడ కేంద్రం 1948 నుంచీ తెలుగు వినిపిస్తున్నాయి. 1957లో వివిధ భారతి వచ్చింది. చిన్నక్క, ఏకాంబరం మాటల కోసం భోజనం పక్కన పెట్టి కూర్చున్నవాళ్ళు ఈ సంచిక పాఠకుల్లో తప్పకుండా ఉంటారు.

పైన చెప్పిన 200 వాట్ల అంకెను పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి. దానితో తరువాత పని ఉన్నది.

పెట్టెలో ఉన్నదేమిటి

ఏ స్పీకరులోనైనా ముఖ్యమైనవి మూడు: ఒక అయస్కాంతం, దాని సందులో కదిలే సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు గరాటు. తీగలో విద్యుత్తు హెచ్చుతగ్గులైతే చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, గరాటు గాలిని నెడుతుంది, ఆ గాలి మన చెవిని చేరుతుంది. ఈ పద్ధతిని ఇప్పటి రూపానికి తెచ్చినవారు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్. వారి పరిశోధన పత్రం 1925లో వెలువడింది. మరుసటి సంవత్సరమే రేడియోలా 104 అనే పేరుతో ఆ స్పీకరు అమ్మకానికి వచ్చింది. విశేషమేమిటంటే దాన్ని నడిపే యాంప్లిఫయరును కూడా అదే పెట్టెలో బిగించి అమ్మారు.

నేడు కుర్రవాళ్ళు "పవర్డ్ స్పీకర్లు" అంటున్నవి ఇవే. సన్నని సంకేతాన్ని పెంచే యాంప్లిఫయరు పెట్టెలోనే ఉంటుంది. గోడ ప్లగ్గులో పెట్టి, కంప్యూటరు నుంచి ఒక తీగ కలిపితే చాలు. వందేళ్ళ కిందట మొదలైనదే మళ్ళీ బల్ల మీదకు వచ్చింది. పట్వారీగారి చెక్కపెట్టె కూడా ఒక విధంగా పవర్డ్ స్పీకరే.

ఈ మధ్యకాలంలో ఏమి జరిగిందో క్లుప్తంగా చెబుతాను. బహిరంగ సభల కోసం యాంప్లిఫయరు ఒకచోట, బాకాలు ఒకచోట అయ్యాయి. స్వాతంత్ర్యోద్యమ కాలంలో బొంబాయికి చెందిన నానిక్ మోత్వానేగారి షికాగో రేడియో సంస్థ కాంగ్రెసు సభలకు మైకులు, లౌడ్ స్పీకర్లు అమర్చింది. ఆనాటి ఫోటోల్లో నాయకుల ముందున్న మైకు మీద ఆ పేరు కనిపిస్తుంది. మన పెళ్ళిళ్ళకు వచ్చిన మైకుసెట్టు ఆ వంశంలోదే. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. దానితో రేడియో చంకన పెట్టుకుని పొలానికి పోయేంత చిన్నదైంది. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు పుస్తకం మీద ఏటేటా స్టాంపు వేయించుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ బాధ 1980 దశకం మధ్యలో తప్పింది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన క్యాసెట్టు మన ఇళ్ళకు చేరేసరికి మరో పదిహేనేళ్ళు పట్టింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలైంది. 1967లో మన నగరంలోనే నెలకొన్న ఈ.సీ.ఐ.ఎల్. వారి టీవీ కొనడానికి మేము ప్రావిడెంటు ఫండు అప్పు పెట్టాము. ఆపైన డెక్కు, యాంప్లిఫయరు, రెండు పెద్ద పెట్టెలు విడివిడిగా కొని హాలులో అలంకరించడం గొప్ప అయింది.

కొత్తగూడకు కంప్యూటరు రావడం

1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడిన తరువాత ఆఫీసు పని మీద నేను కొత్తగూడ మొదటిసారి వచ్చాను. బండరాళ్ళు, తుప్పలు, రిజర్వు అడవి. ఆ అడవిలో 274 ఎకరాలే ఈనాటి కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్. ఆ రోజు తిరుగు బస్సు కోసం రెండు గంటలు నిలబడితే వినిపించింది పిట్టల అరుపులు మాత్రమే. 1998 నవంబరు 22న దగ్గరలోనే సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయిగారు ప్రారంభించారు. ఇప్పుడు మేము మా అబ్బాయి ఫ్లాటులో, కొత్తగూడ చౌరస్తాకు కూతవేటు దూరంలో ఉంటున్నాము. 2023 జనవరి 1న ఫ్లైఓవరు తెరిచారు. వాహనాలు పైకి ఎక్కాయి గానీ వాటి మోత మా నాలుగో అంతస్తుకు మరింత దగ్గరైంది. ఆ మోతలో ఫోను చెవికి ఆనించుకుని అమ్మాయి మాట వినాలి.

తొలి కంప్యూటర్లకు గొంతు లేదు, "కీచ్" అనడం తప్ప. 1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ అనే కార్డు తెచ్చింది. అప్పటి నుంచి సంగీతం, మాట పలకడం అందరి కంప్యూటర్లకూ అలవాటైంది. ఆ కార్డు నుంచి వచ్చే సంకేతానికి పెద్ద పెట్టెలను కదిలించే శక్తి లేదు. అందువల్ల యాంప్లిఫయరు లోపలే ఉన్న చిన్న స్పీకర్లను కంప్యూటరుకు అటూ ఇటూ పెట్టడం మొదలైంది. ఈ విధంగా పవర్డ్ స్పీకరు గుమాస్తా బల్ల మీదకు వచ్చింది.

మొదటి కొనుగోలు, మొదటి పొరపాటు

కాలు-పాలు సంఘటన జరిగిన పది రోజులకు ఒక్కడినే బయలుదేరి ఒక దుకాణానికి వెళ్ళాను. పేరు అనవసరం. "పెద్దాయనా, ఇది రెండు వేల వాట్లు, మీ వీధంతా వినపడుతుంది" అన్నాడు కుర్రవాడు. అట్టపెట్టె మీద నిజంగానే 2000 వాట్లు పీ.ఎం.పీ.ఓ. అని అచ్చువేసి ఉన్నది. రెండు చిన్న పెట్టెలు, కాళ్ళ దగ్గర పెట్టుకునే ఒక పెద్ద డబ్బా. పద్దెనిమిది వందలు ఇచ్చి ఆటోలో తెచ్చుకున్నాను.

ఆ రాత్రి అమ్మాయి మాట్లాడితే బావిలో నుంచి మాట్లాడినట్లు వినిపించింది. గోడలు అదిరాయి, మాట తెలియలేదు. కింది ఫ్లాటు ఆయన మర్యాదగా తలుపు తట్టి, "అంకుల్, అంతా కుశలమేనా" అని అడిగి వెళ్ళారు.

అప్పుడు నాలోని పాత గుమాస్తా మేలుకున్నాడు. స్పీకరుతో ఇచ్చిన అడాప్టరు వెనుక అక్షరాలు భూతద్దంతో చదివాను. 12 వోల్టులు, 2 ఆంపియర్లు. రెంటినీ హెచ్చిస్తే 24 వాట్లు. వచ్చిన పద్దు 24 అయితే ఖర్చు పద్దు 2000 ఎట్లా అవుతుంది? ఏ ఆడిట్ పార్టీ ఒప్పుకుంటుంది? దక్కన్ రేడియో స్టేషను 200 వాట్లతో ప్రసారం మొదలుపెట్టింది. నా బల్ల కింది డబ్బా దానికి పదింతలట! నాలుగైదు వాట్లు కూడా ఇవ్వని వాల్వు రేడియో పట్వారీగారి వాకిలి నిండా వినిపించేది. పీ.ఎం.పీ.ఓ. అనే అంకెకు అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు. అది అమ్మకం కోసం వేసే అంకె. నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పేది ఆర్.ఎం.ఎస్. వాట్లు. చూడవలసింది అదే.

వాట్ల గురించి మరొక్క మాట. శక్తిని రెట్టింపు చేస్తే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. చెవికి రెండింతలుగా తోచాలంటే సుమారు పదింతల శక్తి కావాలి. కాబట్టి 20 వాట్లకూ 30 వాట్లకూ మధ్య తేడా మీకు దాదాపు తెలియదు. అదనంగా డబ్బు పెట్టడం వృథా.

ముందు చెవి, తరువాత స్పీకరు

ఆ తరువాత మా అబ్బాయి నన్ను చెవి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాడు. ఈ పని ముందే చేయవలసింది. పరీక్ష కాగితం మీద గీత ఎడమ నుంచి కుడికి పోను పోను మెట్లు దిగినట్లు దిగిపోయింది. ఆయన వివరించినది ఇది. వయసుతో ముందుగా పోయేది సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. అచ్చుల బలం కింది స్థాయిలో ఉంటుంది, అది మిగులుతుంది. స, శ, క, త, ప వంటి హల్లుల తేడా తెలిపే భాగం 2000 నుంచి 8000 హెర్ట్జ్ మధ్య ఎక్కువగా ఉంటుంది, అది పోతుంది. అందువల్ల "ఆలు" వినిపిస్తుంది, అది కాలో పాలో తెలియదు. దీనికి తోడు పాత పద్ధతి టెలిఫోను లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకానే మోస్తుంది. కంప్యూటరు ద్వారా వచ్చే కాలులో అంతకన్నా పై స్థాయి శబ్దాలు కూడా రాగలవు. అయితే వాటిని పలికించే స్పీకరు ఉండాలి. నేను కొన్న డబ్బా కింది స్థాయిని పెంచి, మిగిలిన కొద్ది హల్లులను కూడా కప్పేసింది.

డాక్టరు వినికిడి యంత్రం వ్రాశారు. పెట్టుకుంటున్నాను. స్పీకరు దానికి బదులు కాదని సభ్యులు గ్రహించాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మర్నాటికి వాయిదా వేయకుండా డాక్టరును చూడాలని కూడా ఆయన గట్టిగా చెప్పారు.

ఎంచుకోవడం

రెండోసారి మా అబ్బాయితో కలిసి కోఠీలోని గుజరాతీ గల్లీకి వెళ్ళాను. ఎలక్ట్రానిక్ సామాను, స్పీకర్ల దుకాణాలకు అది పాత పేరున్న చోటు. కంప్యూటరు సామాను కోసం సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరును కూడా చూశాము. నేను తేల్చుకున్న విషయాలు ఇవి. కంపెనీల పేర్లు చెప్పను, ఇది ప్రకటనల పేజీ కాదు.

ఒకటి. ప్రతి పెట్టెలో రెండు గరాటులు ఉండాలి. మాట బరువు మోయడానికి మూడు నుంచి ఐదు అంగుళాల పెద్దది, హల్లుల కోసం ట్వీటరు అనే చిన్నది. ఒకే చిన్న గరాటు ఉన్నవాటిలో సకారం సరిగా పలకదు.

రెండు. కాళ్ళ దగ్గరి బూమ్ డబ్బా మనకు అక్కరలేదు. పాటల ప్రియులైన మనవలు కావాలంటే వాళ్ళ గదిలో పెట్టుకుంటారు.

మూడు. ఆర్.ఎం.ఎస్. 15 నుంచి 25 వాట్లు బల్లకు సమృద్ధి. బాస్, ట్రెబుల్, శబ్దం తిప్పే గుండీలు చేతికి అందేటట్లు, అక్షరాలు కంటికి కనపడేటట్లు ఉండాలి. వెనుక వైపు ఉన్న గుండీ కోసం ప్రతిసారి వంగితే నడుము ఊరుకోదు.

నాలుగు. తీగ కలిపే రంధ్రాలు రెండు రకాలైనా ఉండాలి. బ్లూటూత్ ఉంటే ఉండనివ్వండి, కానీ దాన్ని నమ్ముకోకండి. బ్లూటూత్ కూటమి కూడా మన సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే ఏర్పడింది. పాటలకు బాగున్నది. వీడియో కాలులో మాత్రం మాట కాస్త ఆలస్యంగా రావచ్చు, పెదవులు ముందు కదులుతాయి. మాట సరిగా వినపడని మనం తెలియకుండానే పెదవులు చూసి అర్థం చేసుకుంటాము. ఆ ఆసరా పోతుంది.

ఐదు. దుకాణంలో పాట పెట్టించుకోకండి, వార్తలు పెట్టించుకోండి. పాట ఎందులోనైనా బాగుంటుంది. తెలియని మనిషి చదివే వార్త మాట మాటకూ తెలిస్తే అది మన స్పీకరు. నేను నాలుగు జతలు విని, అన్నిటికన్నా తక్కువ మోగిన జత తీసుకున్నాను. ఏడు వేలయింది. కుర్రవాడికి నా ఎంపిక నచ్చలేదు.

అమర్చడం

కొనడం సగం పని. అమర్చడంలో మిగతా సగం ఉన్నది.

నా బల్ల నాలుగడుగుల వెడల్పు. మొదట రెండు స్పీకర్లనూ వెనుక మూలల్లో గోడకు ఆనించాను. మళ్ళీ బావి గొంతు! గోడకు, మూలకు ఆనిస్తే కింది స్థాయి శబ్దం పెరిగిపోతుంది. జానెడు పైగా ముందుకు జరిపితే సగం తేటపడింది. రెండు స్పీకర్లూ, నా తలా కలిసి సమబాహు త్రిభుజంలాగా ఉండాలి. నాకు ఒక్కొక్క భుజం సుమారు రెండున్నర అడుగులు వచ్చింది. రెంటినీ నా ముఖం వైపు కొద్దిగా తిప్పాను.

ఎత్తు చాలా ముఖ్యం. ట్వీటరు శబ్దం టార్చిలైటు వెలుతురు వంటిది, ఎటు తిప్పితే అటే పోతుంది. బల్ల మీద ఉత్తగా పెడితే అది మన ఛాతీకి వినిపిస్తుంది. చెవి ఎత్తుకు లేపాలి. స్టాండ్లు కొందామన్నాడు అబ్బాయి. నేను అటక మీది పాత పుస్తకాలు దింపించాను. ఎడమ స్పీకరు కింద ఫైనాన్షియల్ కోడ్, కుడి స్పీకరు కింద 1980 పింఛను నిబంధనలు, ఎత్తు సరిచేయడానికి ఫండమెంటల్ రూల్సు. పైన పాత సైకిలు ట్యూబు ముక్కలు వేశాను, అదురు బల్లకు పాకకుండా. ముప్పై ఆరేళ్ళు నేను మోసిన పుస్తకాలు ఇప్పుడు నా కోసం బరువు మోస్తున్నాయి.

గది నున్నగా, ఖాళీగా ఉంటే మాట గోడలకు తగిలి తిరిగి వచ్చి దాని మీద అదే పడుతుంది. ఫ్లైఓవరు వైపు కిటికీకి మందపు తెర వేశాము. వెనుక గోడకు పుస్తకాల బీరువా జరిపాము. బల్ల మీద ఒక దుప్పటి పరిచాము. వాహనాల మోత కూడా కొంత తగ్గింది.

కరెంటు విషయం. కంప్యూటరు చార్జరు పెట్టగానే "గుయ్" అని మోత వచ్చింది. రెంటినీ ఒకే మూడు పిన్నుల బోర్డులో పెడితే పోయింది. మోత పోతుందని ఎర్తు పిన్ను తీసివేయమని ఎవరైనా చెబితే వినకండి, అది ప్రాణానికి రక్ష. కంప్యూటరు ముందు వేసి స్పీకరు చివర వేయాలి. ఆపేటప్పుడు స్పీకరు ముందు ఆపాలి. లేకపోతే "ధభ్" మని కొట్టి గరాటు పాడవుతుంది. బాస్ గుండీ సగానికన్నా తక్కువ, ట్రెబుల్ సగానికన్నా కొంచెం ఎక్కువ ఉంచాను. మైకును స్పీకర్లకు దూరంగా పెట్టాలి, లేకపోతే అవతలివారికి తమ మాటే తిరిగి వినిపిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం దగ్గరగా కూర్చోవడం. బయలులో దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. హాలులో పన్నెండడుగుల దూరాన టీవీ పెంచుకుని ఇంటిల్లిపాదినీ బాధపెట్టే బదులు, రెండున్నర అడుగుల దూరంలో చిన్న శబ్దంతో ప్రతి మాటా వినవచ్చు. రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా లౌడ్ స్పీకర్లను 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు కట్టడి చేశాయి. మన అమెరికా ఫోన్లన్నీ ఆ వేళల్లోనే గదా! ఈ ఏర్పాటు తరువాత కింది ఫ్లాటు ఆయన మళ్ళీ తలుపు తట్టలేదు.

మాట అందింది

అంతా అమర్చిన ఆదివారం ఉదయం అమ్మాయి కాల్ చేసింది. చెవి యంత్రం పెట్టుకుని, వినయంగా బల్ల ముందు కూర్చున్నాను. ఫిజియోథెరపీ ఇంకా మూడు వారాలుంటుందని, ఇన్సూరెన్సువాళ్ళు కాగితాలు వెనక్కు పంపారని, తాను రాత్రుళ్ళు సరిగా నిద్రపోవడం లేదని చెప్పింది. చివరి మాట వాళ్ళ అమ్మకు కూడా అంతవరకు చెప్పలేదు. నేను వింటున్నానని తెలిసి చెప్పింది. కాగితాలు ఎందుకు వెనక్కు వచ్చాయో చదివి వినిపించమన్నాను. ఒకచోట సంతకం కింద తేదీ వేయలేదు. ఏ దేశమైనా గుమాస్తా గుమాస్తానే! తేదీ వేసి మళ్ళీ పంపమన్నాను.

మనవడు ఇప్పుడు మళ్ళీ సైకిలు ఎక్కాడు. వాడికి ఆ సంగతి ఎవరు చెప్పారో గానీ, తెర మీదకు రాగానే కాలు ఎత్తి చూపించి, "తాతా, నా పాలు మంచిగైనయ్" అంటాడు. ఆ పకారం నాకు చక్కగా వినిపిస్తుంది.

మన సభ్యుల్లో ఫోను వస్తే "మా ఆవిడతో మాట్లాడు" అని తప్పుకునేవారు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. నేనూ అదే చేశాను. ఆనాడు వెనుక వరుసకు మాట అందించడానికి మా నాన్నగారు నిలబడ్డారు. ఈనాడు అంత ఓపికగా నిలబడేవారు ఇంట్లో ఎవరూ ఖాళీగా లేరు. ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి. ముందు చెవి పరీక్ష చేయించుకోండి, ఆ తరువాత స్పీకరు సంగతి. వచ్చే నెల సర్వసభ్య సమావేశానికి నా స్పీకర్లు తెచ్చి చూపిస్తాను. సందేహాలున్నవారు ముందు వరుసలో కూర్చోగలరు. ఫీజు లేదు, టీ ఇప్పిస్తే చాలు.

సెలవు.